తొమ్మిది స్టోన్ల తరగతి

నాగపూర్, కాలేజీ వసతిగృహం
1936 అక్టోబరు 18

కనకానికి,

బండి ఆలస్యమైనా గదికి చేరాను. దారిలో ఇబ్బందేమీ లేదు. ఇక్కడ అన్నం, రొట్టె రెండూ పెడతారు.

మామయ్య నన్ను బండి ఎక్కిస్తూ అన్న మాట నువ్వు వినలేదు కాబట్టి రాస్తున్నాను. "కుస్తీ సీజన్ అయినంతవరకూ కాపరం మాట ఎత్తకురా త్రినాథా. నా అఖాడాల అదే రూలు. అల్లుడివని సడలించనేను." నేను తలూపాను. మేనమామ, మామగారు, ఉస్తాద్ ఒక్కరే అయినప్పుడు తలూపడం తప్ప ఏం చేస్తాను? మన పెళ్ళై రెండో ఏడు నడుస్తోంది. కార్యం ఇంకా కాలేదు. నువ్వు మీ నాన్న క్వార్టరులో ఉన్నావు, నేను ఇక్కడ ఉన్నాను.

కాలేజీ కుస్తీ సంగతి మామయ్యకు చదివి వినిపించు. లాల్‌ఖదాన్‌లో ఆయన కుస్తీ అఖాడాలో లాగా ఎవరు బరిలోకి దిగితే వాళ్ళతో పట్టడం ఇక్కడ లేదు. బరువును బట్టి తరగతులు ఉన్నాయి. తరగతికి కాలేజీ తరఫున ఒక్కడే వెళ్తాడు. బరువును స్టోన్లలో చూస్తారు, స్టోనుకు పద్నాలుగు పౌన్లు. ఎనిమిది స్టోన్లకు మా దగ్గర సరైనవాడు లేడు. పది స్టోన్లకు గోందియా మిల్లు వాళ్ళ అబ్బాయి ఉన్నాడు. నిరుడు గెలిచాడు. అతన్ని కదిలించడం నా వల్ల కాదు. నాకు చోటు ఉంటే తొమ్మిది స్టోన్లలోనే ఉండాలి. దానికి ఇద్దరం పోటీ పడుతున్నాం. రెండోవాడు పాండురంగ్, అమరావతి వాడు. పట్టులో నేను మెరుగని కుస్తీ మాస్టరే అన్నారు. కాని అతను తొమ్మిదికి లోపలే ఉన్నాడు. నేను నాలుగు పౌన్లు ఎక్కువ ఉన్నాను. డిసెంబరు మొదట్లో తూచి ఎంపిక చేస్తారు. ఎంపికైనవాళ్ళు ఫిబ్రవరిలో కాలేజీల పోటీలకు కలకత్తా వెళ్తారు.

అందుకని ఒక పూట తిండి మానేశాను. నీతో మాట్లాడి చాలా రోజులైంది. ఉత్తరం రాయి.

త్రినాథరావు


బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్సు
నవంబరు 4

బావ గారికి,

'నువ్వు' అని రాయొద్దంది అమ్మ. పెళ్ళయ్యాక 'మీరు' అనాలట. చిన్నప్పుడు ఇదే ఇంట్లో మీ పలక విరగ్గొట్టినదాన్ని. ఈ మాట ఇంకా నోటికి అలవాటు కాలేదు. చేతికైనా అవుతుందేమో చూస్తాను.

ఉత్తరం నాన్నకు చదివాను. ఇంజను డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. బరువు తగ్గాలన్న చోటికి వచ్చేసరికి చెంబు పక్కన పెట్టేశాడు.

"మళ్ళీ సదువు."

మళ్ళీ చదివాను.

"తక్కువ ఉంతేనే తీసుకుంతారా? అచ్ఛా. మరి నన్నయితే గేటుకాడే ఆపీస్తారు. పహిల్వాన్‌ని ఎండగట్టి బరిలకి తోలుతారేటి? ఆ మాస్టరు ఎప్పుడైనా మట్టి ముట్టినాడా?"

తరగతుల సంగతి రెండుసార్లు చెప్పాను. వినలేదు. అమ్మ సంగతి మరీ అన్యాయం. "సన్నబడి వచ్చినాడంటే సింహాచలం వదిన నన్నేటంతాది? అత్తోరింటి మినుములు అయిపోనాయా అంతాది," అంది. మీ అమ్మ ఎప్పుడూ అలా అనదని నాకు తెలుసు. అయినా మా అమ్మకు ఆ భయం పోదు. ఆ సాయంత్రమే గోల్ బజార్ వెళ్ళి మినుములు, బెల్లం తెచ్చింది. నెయ్యి ఇంట్లో ఉంది.

గార్డు చిన్నారావు గారి చేత ఒక డబ్బా పంపిస్తున్నాను. సున్నుండలు. విసిరింది అమ్మ, ఉండలు కట్టింది నేను. తినకండి. గదిలో వాళ్ళకు పెట్టేయండి.

పంతులు గారు వచ్చి కార్యానికి ముహూర్తం చూశారు. మాఘ బహుళ పంచమి, మార్చి రెండో తారీఖు. మీరు ఎంపిక కాకపోతే అది కుదురుతుంది. ఎంపికైతే కలకత్తా నుంచి ఎప్పుడొస్తారో తెలియదు, తర్వాత పరీక్షలు, ఇక వైశాఖమే. మీరు ఎంపిక కావాలని నాన్న కొబ్బరికాయ మొక్కుకున్నాడు. నేనేం మొక్కుకోవాలో తెలియడం లేదు.

కనకం


నాగపూర్
నవంబరు 15

కనకానికి,

డబ్బా అందింది. చిన్నారావు గారు ప్లాట్‌ఫారం మీద నిలబడి, నేను మూత తీసి ఒకటి నోట్లో వేసుకునే దాకా కదలలేదు. "మీ అత్త అప్పయమ్మ గారు అడుగుతారు బాబూ, తిన్నాడా లేదా అని. నాను అబద్దం ఆడనేను," అన్నారు.

రోజూ తెల్లారగట్ల కంబళి కప్పుకుని చెరువు చుట్టూ పరుగెడుతున్నాను. చెమటతో బరువు పోతుందని పాండురంగ్ చెప్పాడు. నాతో పోటీ పడేవాడే నాతో పాటు పరుగెడుతున్నాడు. ఎందుకని అడిగాను. "తక్కెడ దగ్గర గెలిస్తే అది గెలుపేనా? పట్టు పట్టి గెలుస్తాను," అన్నాడు. మంచివాడు. అప్పుడప్పుడు అలా ఉండకపోతే బాగుండునని అనిపిస్తుంది.

నాలుగు పౌన్లలో మూడు తగ్గాయి.

సున్నుండలు గదిలో వాళ్ళకు పెట్టమన్నావు. ఎవరికీ పెట్టలేదు. రోజుకు ఒకటి తింటున్నాను. మధ్యాహ్నం అన్నం మానేసి తింటున్నాను కాబట్టి లెక్క సరిపోతుందనుకుంటున్నాను. కొన్నింటి మీద నీ వేళ్ళ గుర్తులు ఉన్నాయి.

త్రినాథరావు


బిలాస్‌పూర్
నవంబరు 24

బావ గారికి,

మీ ఉత్తరంలో చివరి మాట తప్ప మిగతాది చదివాను ఇంట్లో. చిన్నారావు గారు మీరు తిన్నారని సాక్ష్యం చెప్పారు. దానితో అమ్మ రెండో డబ్బా మొదలుపెట్టింది. నాన్న బాదంపప్పు కలపమన్నాడు. "తొమ్మిదో పదో వాళ్ళ లెక్క. మన లెక్క మనిషి నిలబడాల," అన్నాడు.

ఈసారి ఉండలు నేను కట్టనని చెప్పాను. అమ్మ కడుతూ ఉంటే చూస్తూ కూర్చున్నాను. సగం అయ్యాక నేనే వెళ్ళి కట్టాను.

దయచేసి తినకండి. తినకుండా ఉండలేకపోతే, నాకు చెప్పకండి.

క్వార్టరు వెనక పట్టాల మీద నాగపూర్ బండి వెళ్ళేటప్పుడు పళ్ళెం కడుగుతున్నా చేయి ఆగుతుంది. అది మీ వైపు వెళ్ళే బండి, మీ వైపు నుంచి వచ్చే బండి కాదు. అయినా ఆగుతుంది.

కనకం


నాగపూర్
డిసెంబరు 6

కనకానికి,

నిన్న తూచారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాండురంగ్ తొమ్మిది స్టోన్లకు ఒక పౌను తక్కువ ఉన్నాడు. నేను రెండు పౌన్లు ఎక్కువ ఉన్నాను. మాస్టరు గంట గడువిచ్చారు. కంబళి కప్పుకుని గుంజీలు తీశాను. తల గొరిగించుకున్నాను. పాండురంగ్ నా వీపు మీద వేడి గుడ్డలు వేశాడు. మళ్ళీ తూచితే ఒక పౌను మిగిలింది. లంగోటు కూడా విప్పి నిలబడ్డాను. అయినా ముల్లు దిగలేదు.

నిబంధన ప్రకారం తొమ్మిది స్టోన్ల చోటు పట్టు పట్టకుండానే పాండురంగ్‌ది అయింది. పది స్టోన్లకు ప్రయత్నిస్తావా అని మాస్టరు అడిగారు. గోందియా వాడితో పట్టాను. ఎత్తి వేశాడు. చాలాసేపు పట్టలేదు.

తప్పు డబ్బాది కాదు. తిన్నవాణ్ణి నేను. మీ అమ్మతో ఈ మాట చెప్పకు.

మామయ్య దగ్గర నువ్వు ఎలా చెప్తావో నీ ఇష్టం. మాఘంలో నాకు ఇక్కడ పని లేదు.

త్రినాథరావు


బిలాస్‌పూర్
డిసెంబరు 13

బావ గారికి,

నాన్నకు ఉన్నది ఉన్నట్టే చదివాను. పౌను దగ్గర ఆగి, "ఒక్క పౌనా?" అన్నాడు. తర్వాత లాంతరు గాజు తుడుస్తూ కూర్చున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. అమ్మతో డబ్బా మాట చెప్పొద్దన్నారు, కాని ఆమె అక్కడే ఉంది. "నేనే ముంచీనాను పిల్లణ్ణి," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు నాన్న అన్నాడు, "ఎంపిక కాలేదంటే ఆడికి సీజన్ అయిపోనట్టే. పంతుల్ని పిలు."

నాకు బాధ లేదని రాస్తే తప్పు. మీరు గుండు గొరిగించుకున్న చోట చదవలేక ఆగాను. సంతోషం లేదని రాసినా తప్పే. మధ్య గదిలో సున్నం వేయించారు. నాన్న మంచం అల్లిస్తున్నాడు. నవారు నేను ఎంచాను.

జుట్టు మాఘానికి వస్తుందా?

కనకం


నాగపూర్
1937 జనవరి 29

కనకానికి,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపాను.

మాస్టరు నన్ను కలకత్తాకు రమ్మన్నారు. చోటు ఇచ్చి కాదు. పాండురంగ్‌కు జోడీగా. పోటీ జరిగేన్నాళ్ళూ పొద్దున్నే అతనితో పట్టు పట్టి ఒళ్ళు వేడెక్కించడానికి అతని బరువుకు దగ్గర్లో ఉన్నవాడు కావాలి. అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. నేను సరే అన్నాను.

నిన్ను అడిగి సరే అనవలసింది. అడగలేదు.

పోటీలు ఫిబ్రవరి ఇరవై ఏడున ముగుస్తాయి. ముహూర్తం మార్చి రెండున. తిరుగు ప్రయాణంలో బిలాస్‌పూర్‌లో దిగిపోతాను. రోజులు సరిపోతాయి.

మామయ్య అఖాడాలో జోడీ అంటే ఏమిటో నీకు తెలుసు. బరిలోకి దిగేవాడి లంగోటుకు చివరి ముడి జోడీ వేయాలి. నాకు వేసేవాడు చిన్నమ్మి గారి బంగార్రాజు. అతను జ్వరంతో వచ్చి వేసిన రోజు నువ్వు కూడా గోడ మీద నుంచి చూశావు.

త్రినాథరావు


బిలాస్‌పూర్
ఫిబ్రవరి 4

బావా,

చోటు దొరికి వెళ్తే సరేననుకునేదాన్ని. చోటు లేకుండా వెళ్తున్నావు. ఇంకొకడి ఒళ్ళు వేడి చేయడానికి వెళ్తున్నావు. అక్కడ నీ పేరు కూడా ఎవరూ పిలవరు.

మంచం అల్లడం అయిపోయింది. మధ్య గదిలో నిలబెట్టారు. దాని మీద ఎవరూ కూర్చోకూడదని అమ్మ దుప్పటి కప్పింది. రోజూ దాన్ని చూస్తూ ఆ గదిలో నుంచి నడవాలి నేను. నువ్వు నడవక్కర్లేదు.

నాన్నకు చదివాను. నీ మీద కోపం వస్తుందనుకున్నాను. "జోడీగానా? అయితే ఎల్లాల," అన్నాడు. అంతే. అమ్మ ఆయనతో మాట్లాడటం లేదు. నేను ఇద్దరితోనూ మాట్లాడటం లేదు.

ఈ ఉత్తరంలో 'నువ్వు' అని రాశాను. మళ్ళీ రాయడానికి ఓపిక లేదు, ఇలాగే పోస్టు చేస్తున్నాను.

కనకం


నాగపూర్
ఫిబ్రవరి 14

కనకానికి,

'నువ్వు' అనే రాయి.

ఇరవయ్యో తారీఖు హౌరా ప్యాసింజరులో వెళ్తున్నాం. పగటి పూటే బిలాస్‌పూర్ వస్తుంది. అక్కడ ఇంజను మారుస్తారు. రాగలిగితే రా. నీ కోపం చూసినా చాలు.

త్రినాథరావు


బిలాస్‌పూర్
ఫిబ్రవరి 21
కలకత్తా, కాలేజీ జట్టు బస, త్రినాథరావు గారికి

బావ గారికి,

ఇంజను మార్చే అంతసేపు నా ఎదురుగా నిలబడి మీరు అడిగింది, క్వార్టరు కొళాయిలో నీళ్ళు వస్తున్నాయా అని. వస్తున్నాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంకేమైనా తెలుసుకోవాలంటే ఉత్తరంలో అడగండి.

నేను కూడా ఏమీ మాట్లాడలేదు, నిజమే. మీ వెనక కిటికీ నిండా తలలు ఉన్నాయి. పక్కన అమ్మ ఉంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు, మీ గుండు మీద జుట్టు బ్రష్షులా నిలబడి ఉండటం చూసేసరికి చెదిరిపోయాయి. కోపంగా ఉండాలని వచ్చాను. నవ్వు ఆపుకోవడానికే సరిపోయింది.

ఆ పాండురంగ్‌ను తిట్టుకుందామని కూడా వచ్చాను. అతను దిగి అమ్మ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "మా జీ, ఇస్కో మై లే జా రహా హూఁ, లౌటా దూఁగా," అన్నాడు. తీసుకెళ్తున్నాను, తిరిగిచ్చేస్తాను అని. గొంతు ఇంకా సరిగా మారని కుర్రాడిలా ఉన్నాడు. చేతి వేలికి కట్టు ఉంది. తిట్టుకోలేకపోయాను.

బండి కదిలాక అమ్మ అంది, "సేతులు పట్టుకుంతే ఏటి పోయింది? మీ నాన్న ఇంజను మీద ఉన్నాడు, ఎనక్కి సూడడు కద." అప్పుడు చెప్పింది, బండి వెళ్ళిపోయాక.

రెండో తారీఖుకు పంతులు గారికి మాట ఇచ్చేశాం.

కనకం


కలకత్తా
ఫిబ్రవరి 28

కనకానికి,

తంతి ఇచ్చాను. అందులో రెండు మాటలే పడతాయి. మిగతాది ఇది.

గోందియా వాడు మొదటి రోజే ఓడిపోయాడు. మిగతా తరగతుల్లో కూడా మావాళ్ళు మిగల్లేదు. పాండురంగ్ ఒక్కడే మిగిలాడు. రెండు పట్లు గెలిచాడు. రెండోది ఆ కట్టున్న బొటనవేలు మళ్ళీ బెణికి, ఒంటి చేత్తో గెలిచాడు. ఆఖరి పట్టు నిన్న జరగాలి. మొన్న రాత్రి వాన పడి పందిరి కూలింది. బరి బురదైంది. మట్టి ఆరాక నాలుగో తారీఖున పెడతామన్నారు.

మాస్టరుకు మన ముహూర్తం సంగతి తెలుసు. "నువ్వు వెళ్ళు, నేను ఏదోలా చూసుకుంటాను," అన్నారు. పెట్టె సర్దాను. పాండురంగ్ మంచం మీద కూర్చుని వేలికి కట్టు కట్టుకుంటున్నాడు. ఎడమ చేత్తో కట్టుకోవడం రావడం లేదు. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. నేను వెళ్ళి కట్టు కట్టాను. తర్వాత పెట్టెలో బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేశాను.

ఇది మామయ్య రూలని ఆయన మీద నెట్టను. నేను వచ్చేసినా ఆయన ఒక్క మాట అనేవారు కాదు. ఉండాలని నాకే అనిపించింది. అదే సమయంలో నీ దగ్గరికి రావాలని కూడా అనిపించింది, ఇంతకు ముందు ఎప్పుడూ లేనంతగా. దుప్పటి కప్పిన ఆ మంచం నేను చూడలేదు. అయినా కళ్ళు మూస్తే అదే కనిపిస్తోంది.

రెండో తారీఖు సాయంత్రం నేను ఇక్కడ ఏం చేస్తుంటానో ఇప్పుడే చెప్పగలను. అతనితో పట్టు పడుతుంటాను. నువ్వు ఏం చేస్తుంటావో ఆలోచించదలచుకోలేదు.

అయిదున బయలుదేరి ఆరో తారీఖున బిలాస్‌పూర్ మీదుగా వెళ్తాం. పరీక్షలు దగ్గర పడ్డాయి. ముహూర్తం దాటాక మీ ఇంట్లో దిగే హక్కు నాకుందో లేదో తెలియదు. దిగమంటే దిగుతాను. ఏమీ రాయకపోతే, బండిలోనే కూర్చుంటాను.

త్రినాథరావు


బిలాస్‌పూర్
మార్చి 3

బావా,

తంతి ఒకటిన వచ్చింది. చిన్నారావు గారు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పకుండా నిలబడ్డారు. ఆయన ముఖం చూస్తే అర్థమైంది.

అమ్మ పంతులు గారికి కబురు పంపింది. పొయ్యి మీద పెట్టిన పాకం దించేసింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చి విన్నాడు. "జోడీ కోసం ఉండిపోనాడా?" అన్నాడు. మీసం దువ్వుకున్నాడు. గర్వపడ్డాడని అమ్మ పట్టేసింది.

"మీసం దువ్వుకో. నీ రూలు బాగానే నిలబడ్డాది. నీ కూతురు కూడా నిలబడ్డాది, ఆ గుమ్మంల, పొద్దున్నుంచి."

నాన్న నా వైపు చూశాడు. అఖాడాకు వెళ్ళి చీకటి పడే దాకా మట్టి తవ్వాడు. వచ్చాక చేతులు కూడా కడుక్కోకుండా నాతో అన్నాడు, "ఫాల్గుణంల ముహూర్తం సూడమన్నాను."

"పరీక్షలు కద నాన్నా," అన్నాను.

"పుస్తకాలు ఈడకి తెచ్చుకోమను. వరండాల సదువుకుంతాడు. వరండాలనే పడుకుంతాడు, ముహూర్తం వచ్చినంతవరకూ. మేనల్లుడు మా ఇంట్ల పడుకోడానికి పంతులు సెప్పాలేటి?"

నిన్న ఎలా గడిచిందో రాయమంటే రాయగలను, కాని రాయను. వచ్చాక, అడిగితే చెప్తాను. నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. నాన్నకు చదవలేదు. నువ్వు వచ్చేసి ఉంటే నాకు బాగుండేది. ఆ అబ్బాయి వేలికి కట్టు ఎవరు కట్టారని మర్నాడు నేనే అడిగి ఉండేదాన్ని. ఈ రెండో సంగతి ఒప్పుకోవడానికి నాకు పొద్దున్నుంచి ఇంతసేపు పట్టింది. కోపం పోయిందనుకోవద్దు. అది ఉంది, వచ్చి చూసుకో.

ఈ ఉత్తరం నువ్వు బయలుదేరే లోపు అందాలని స్టేషన్‌లో మెయిలు బండికే వేయిస్తున్నాను. అప్పటికి పాండురంగ్ గెలిచాడో ఓడాడో నీకు తెలిసిపోతుంది. ఏదైనా సరే, అతనికి నేను అడిగానని చెప్పు. తిరిగిచ్చేస్తానన్న మాట నేను విన్నానని చెప్పు.

ఆరో తారీఖున ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అమ్మ రానంది. కొళాయి సంగతి అడగకు.

ఇంజను మార్చేదాకా ఆగకు. బండి ఆగగానే దిగు. పెట్టెతో దిగు.

కనకం